తాత నాటితే మనవడికి ముంజలు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఉత్తరాంధ్రలో ఎన్నో పెరళ్లను బోడి చేసింది. రామతీర్థం లాంటి ఊళ్లో మరుసటి వానాకాలమే మళ్లీ మొక్క నాటి ఉంటే? పొట్టిరకం కొబ్బరి 3, 4 ఏళ్లకే కాపుకొస్తుంది. అంటే 2019కే బొండాం చేతికొచ్చేది. నాటు కొబ్బరికి 6, 7 ఏళ్లు పడుతుంది. ఆలస్యమైనా ఆయుష్షెక్కువ.

తాడిదీ అదే కుటుంబం, నడక మాత్రం వేరు. టెంక నాటితే కొన్నేళ్లు పైకి ఆకులే తప్ప మాను కనిపించదు. మొదలు భూమిలోనే బలపడుతుంది. ముంజలకు 12 నుంచి 15 ఏళ్లు ఆగాలి. తీరా పూతకొచ్చాక పోతు చెట్టని తేలితే ముంజలే ఉండవు! అందుకే టెంకలు నాలుగైదు నాటాలి.

మనకు పొట్టి కొబ్బరి, పిల్లలకు నాటు కొబ్బరి, మనవలకు గట్టు మీద తాడి... ఈ తొలకరికే గొయ్యి తవ్వండి.