పొరుగుబడి

ఊరి పిల్లలందఱు ఒక్క బడిలో చదువుకొనుట ధర్మమని ఒప్పుకొననివారు మనలో అరుదు. తమ బిడ్డను ఆ బడికి పంపువారు అంతకంటె నరుదు. ఈ రెంటి నడుమనున్న దూరమే నేటి మన విద్యాసమస్య యని మేము తలచుచున్నాము.

1966లో నివేదిక నొసగిన కొఠారీ సంఘము ఈ దూరమును గుర్తించియే, ఒక ప్రాంతమునందలి బాలబాలికలు కులమత ధనభేదములు లేక ఆ ప్రాంతపు బడికే పోవలయుననియు, ఈ లక్ష్యమును 20 ఏండ్లలో చేరవలయుననియు సూచించినది. 1968 నాటి జాతీయ విద్యావిధానము సమాన పాఠశాలా పద్ధతి నంగీకరించినది. అంగీకారము కాగితముపై నిలిచిపోయినది. కలిగినవారు ఒక్కొక్కరుగా సర్కారు బడిని విడిచిరి. వారితోపాటు అధికారులను నిలదీయగల నోరును వెడలిపోయినది. కప్పు కారిననాడు, ఉపాధ్యాయుడు రాని నాడు, అర్జీ వ్రాయువా రెవరు?

2009 నాటి విద్యాహక్కు శాసనము, ప్రైవేటు బడులు తమ ప్రవేశపు తరగతిలో నూటికి 25కు తగ్గకుండ స్థానములను పేద, వెనుకబడిన వర్గముల బిడ్డల కీయవలెనని విధించినది. సర్వోన్నత న్యాయస్థానము 2012లో దానిని సమర్థించినది. పేదబిడ్డలు చేరిన బడి చెడిపోవునని పెద్దమనుష్యుల భయము. ఢిల్లీ నగరపు బడులను పరిశీలించి ఆర్థికశాస్త్రవేత్త గౌతమ్ రావుగారు 2019లో ప్రకటించిన ఫలితము లా భయమును చాలవఱకు తీర్చుచున్నవి. పేదబిడ్డలతో కలసి చదివిన ధనికబాలకులలో ఔదార్యము హెచ్చినది, భేదభావము తగ్గినది. హిందీ గణితములలో నష్టము కానరాలేదు. ఆంగ్లమున మాత్రము కొంత వెనుకబాటు గలదు. దానిని దాచుట మాకిష్టము లేదు. ఆ కొంతకు వెఱచి మానవత్వమును వదలుకొందుమా యనునదియే ప్రశ్న.

అయినను ఈ శాసనపు బాట ఒకవైపే పోవుచున్నది. పేదబిడ్డలు కొందఱు ధనికుల బడికి పోవుదురు. ధనికుల బిడ్డ యొక్కడైనను పేదల బడికి రాడు. మిగిలిన సర్కారు బడి నిరుపేదలదిగనే మిగులును.

పొరుగుబడి యను పేరు మాత్రమే చాలునా? చాలదు. పొరుగే విడిపోయియున్నచోట బడియు విడిపోవును. అమెరికా దేశము దీనికి నిదర్శనము. 1954లో అచ్చటి న్యాయస్థానము నల్లవారికి వేఱు, తెల్లవారికి వేఱు బడులుండరాదని తీర్పు చెప్పినది. కాని తెల్లవారనేకులు నగరములు వీడి శివార్లకు తరలిరి. డెట్రాయిట్ నగరపు వ్యాజ్యములో, తప్పు ఋజువుగాని శివారు మండలములను నగరముతో కలుపరాదని 1974లో అదే న్యాయస్థానము నిర్ణయించెను. గోడ యొకచోట కూలి, పొలిమేర యై మఱియొకచోట లేచినది.

మన పల్లెలలో ఆ పొలిమేరకు వాడ యని పేరు. పట్టణములలో బస్తీ యని పేరు. వాడకొక బడి, ఊరికొక బడి యున్నంతకాలము బాలుడు అక్షరముకంటె ముందు తన స్థానమును నేర్చుకొనును. వర్గమున కొకటిగా వెలసిన గురుకులములు వేలాది బిడ్డలకు అన్నమును విద్యను ఒసగినమాట నిజము; ఆ మేలును తక్కువచేయము. కాని మేలు చేసినంతమాత్రమున వేర్పాటు ధర్మము కాజాలదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము సమీకృత గురుకులములను తలపెట్టుట ఈ కారణముననే మాకు సమ్మతము.

చేయవలసినది స్పష్టము. బడి పరిధిని గీయునపుడు ఊరును వాడయు, కాలనీయు బస్తీయు ఒక్క గీతలో పడవలెను. దూరము పెరిగినచో బండి నడుపు భారము ప్రభుత్వముదే. బడిలో కూర్చుండుటయందు, భోజనమునందు, ఊడ్పుపనియందు భేదము చూపిన ఉపాధ్యాయుని ఉపేక్షింపరాదు. తగినంతమంది ఉపాధ్యాయులు లేక పిల్లలను మాత్రము కలుపుట, వారిని కలిపి వంచించుటయే యగును.

ప్రభుత్వోద్యోగుల బిడ్డలు సర్కారు బడులలోనే చదువవలెనని 2015లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ఆదేశించినది. బలవంతపు మార్గము మాకంతగా రుచింపదు. నా బిడ్డ, నా యిష్టము అను తండ్రి హక్కును కాదనము. కాని ఊరి పెద్దలమని చెప్పుకొను భూస్వాములను, పట్టణపు వకీళ్లను, వర్తకులను మేమొక్కటి యడుగుచున్నాము. గుడికి ధర్మకర్తలగుదురు, చెఱువుకు పెద్దలగుదురు; బడికేల కారు? మీ బిడ్డ చదువు బడి బాగుపడక తప్పదు. వేసవి సెలవులు ముగిసి బడి తెఱచునాడు ఒక్క పెద్దయింటి బిడ్డ చేయి పట్టుకొని ఆ గడప దాటించుడు. ఉపన్యాసములు చేయలేని పని యది చేయును.