పెట్టెలోని రికార్డు ఎవరి సొత్తు?

ఒకనాడు టెలివిజన్ అనగా ఊరందరికి ఒక పెట్టె. 1975 ఆగస్టులో ఆరంభమైన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు సామూహిక సెట్లు వచ్చినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడ కలవు. ఆ దినములలో ప్రసారమైన వేళకే చూడవలెను, తప్పినచో తప్పినట్లే. నేడు ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను, కొల్లేటి లంక గ్రామములలోను ఇంటింట పెట్టె ఉన్నది. ఒక్క ఆపరేటరు లాగిన తీగ వందల యిండ్లకు హై డెఫినిషన్ చిత్రమును అందించుచున్నది. ఐనను, చూచినదానిని దాచుకొను విషయమున మనమింకను ఆ కాలమును దాటలేదని నా అభిప్రాయము.

గత వర్షాకాలమున కొల్లేటి పక్షులపై వచ్చిన ఒక కార్యక్రమమును మా యింటి కేబులు పెట్టెకు తగిలించిన డిస్కులో రికార్డు చేసితిని. గూడబాతు ముక్కు క్రింది తిత్తి ముడుతలు సైతము తెరపై స్పష్టముగ కనబడినవి. పాత చిత్రములో సుమారు నాలుగు లక్షల చుక్కలుండగా, హై డెఫినిషన్ చిత్రములో ఇరువది లక్షలకు పైగా ఉండును. మిత్రులకు చూపవలెనని ఆ డిస్కును కాలేజి కంప్యూటరుకు తగిలింపగా అది తెరచుకొనలేదు. కొన్ని మాసములకు పెట్టె చెడినది. ఆపరేటరు క్రొత్త పెట్టె అమర్చిన పిమ్మట ఇంటిలో కూడ తెరచుకొనలేదు.

కారణము స్థలాభావము కాదు. సెకనుకు ఎనిమిది మెగాబిట్ల చొప్పున వచ్చు ప్రసారము గంటకు 3.6 గిగాబైట్లు మాత్రమే పట్టును. ఒక టెరాబైటు డిస్కులో 270 గంటలకు పైగా ఇముడును. అసలు కారణము తాళము. 2011 నాటి చట్టసవరణతో కేబులు ప్రసారములన్నియు సంకేతబద్ధము కావలసి వచ్చినవి. గ్రామములకు తుది గడువు 2017 మార్చి 31. ఇట్టి పెట్టె తాను వ్రాసిన రికార్డును తన తాళముతోనే బిగించును. తాళపుచెవి ఆ పెట్టెలోనే ఉండును. పెట్టె పోయిన, రికార్డు పోయినట్లే.

చట్టము మాత్రము మనయెడల ఇంత కఠినముగ లేదు. 1957 నాటి కాపీరైటు చట్టము 39వ సెక్షను ప్రకారము, స్వంత వినియోగమునకు గాని, నిజమైన బోధనకు, పరిశోధనకు గాని చేసికొను రికార్డు ప్రసారసంస్థ హక్కునకు భంగము కాదు. అమెరికా సుప్రీం కోర్టు కూడ 1984లో బీటామాక్స్ వ్యాజ్యమున, ఇంటిలో తీరికగా చూచుకొనుటకై చేయు రికార్డును సమర్థించినది. చట్టము ఇచ్చినదానిని పెట్టె ఇచ్చుట లేదు.

నిర్మాతల శ్రమను దొంగిలించువారు లేకపోలేదు. వారికి భయపడియే తాళము వేసిరి. ఆ తాళమును పగులగొట్టుడని నేను చెప్పుట లేదు. కాని దొంగకు వేసిన తాళము విద్యార్థికి అడ్డు కారాదు. కొల్లేరు 2002లో రామ్‌సార్ చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో అక్కడి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తొలగించినది. ఈ సరస్సు ఏ యేట ఎట్లున్నదో చూపు దృశ్యములు రేపటి విద్యార్థికి చరిత్ర. అర్ధరాత్రి వచ్చు ఒక ముషాయిరా మన ఉర్దూ విద్యార్థికి పాఠము. ఇవి ఒక పెట్టె ఆయుర్దాయముతో ముగియరాదు.

కావున కాలేజి కమిటీ పెద్దలకు నా విన్నపము. 2004లో ఆరంభమైన దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెలచందా లేదు. పెక్కు ఛానళ్లకు తాళమును లేదు. ఒక యాంటెన్నా, రికార్డు చేయగల పెట్టె, ఒక డిస్కు, ఒక రిజిస్టరు గ్రంథాలయమున ఏర్పాటు చేయుడు. అందు అధికభాగము హై డెఫినిషన్ కాకపోవచ్చును. తెరచుకొనని స్పష్టతకంటె తెరచుకొను సామాన్యచిత్రము మేలు. తాళమున్న కార్యక్రమము బోధనకు కావలసినచో, కాలేజి పేర ప్రసారసంస్థకు లేఖ వ్రాసి ప్రతిని అడుగుడు.

సోదర విద్యార్థులారా! క్రొత్త పెట్టెకు సొమ్ము చెల్లించుటకు ముందు ఆపరేటరును ఒక్క ప్రశ్న అడుగుడు: “ఈ రికార్డు మరియొక పెట్టెలో తెరచుకొనునా?” అందరము అడిగిననాడు జవాబు మారక తప్పదు.