కెమెరా పట్టిన చేతికిని బరిలో చోటు కావలెను

వేర్వేరు వీడియో ఆటలలోని వీరులు ఒక్క బరిలో తలపడు 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' అను ఆటను నింటెండో సంస్థవారు 2018లో వెలువరించిరి. జపానునందు టెక్మో సంస్థ 2001లో ఆరంభించిన భయానక క్రీడామాలిక 'ఫేటల్ ఫ్రేమ్' నుండి యూరి కోజుకట అను యువతి ఇందు చేరినది. కాని ఆమె యోధురాలు గాదు. పిలిచినపుడు వచ్చి, క్షణకాలము తోడ్పడి మరలిపోవు సహాయకురాలు మాత్రమే. ఇది చాలదని నా అభిప్రాయము.

ఆ క్రీడామాలికలో ఖడ్గములు లేవు, కండబలము లేదు. దయ్యములను ఎదిరించుటకు కెమెరాయే ప్రధానాయుధము. దూరమునుండి తీసిన పటమునకు బలము స్వల్పము. దయ్యము మీదికి దూకు క్షణము వరకు వేచి తీసినదే గట్టి దెబ్బ. పారిపోజూచు కాళ్లను నిలుపుటయే అచ్చటి యుద్ధవిద్య. ఇట్టి విద్య బరిలోని యోధులలో మరెవ్వరికి గలదు?

సుకుమారులు పోరునకు తగరని కొందరందురు. అట్లయిన 'యానిమల్ క్రాసింగ్' లోని సాధుస్వభావ ఇసబెల్ అదే బరిలో చేపల గాలముతో పోరాడుచున్నది గదా! గాలమునకు దొరకిన చోటు కెమెరాకేల దొరకరాదు?

భయమెరుగని వాడే వీరుడనుట సగము సత్యము. భయపడుచునే నిలిచినవారికిని వీరుల పంక్తిలో పీట వేయవలెను.