ముందే రాసేసుకుంటే మమ్మల్ని అడగడం ఎందుకు?

శనివారం రాత్రి మెస్‌లో భోజనాలయ్యాక మా హాస్టల్ రెండో అంతస్తు స్టడీ రూమ్‌లోంచి కేకలు వినిపిస్తే వార్డెన్ మేడమ్ కూడా ఇప్పుడు పట్టించుకోరు. "ఆ పాచికల పిల్లలేలే" అని వెళ్లిపోతారు. ఆ పాచికల పిల్లల్లో నేనూ ఒకదాన్ని. పోయిన ఆగస్టు నుంచి ఆరుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. సంక్రాంతి సెలవుల తర్వాత ఐదుగురమే మిగిలాం. ఆరో మనిషి నా రూమ్మేట్. తను ఎందుకు మానేసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దీన్ని అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. మొదటిసారి అచ్చయింది 1974లో. బోర్డు లేకపోయినా ఫర్వాలేదు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒకరు డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. ఊళ్లు, అడవులు, రాక్షసులు, రాజులు, దారినపోయే దానయ్యలు అందరూ డీఎం నోట్లోంచే పుడతారు. మిగతావాళ్లం తలా ఒక పాత్ర. "మీ ముందు కోట గుమ్మం ఉంది. ఏం చేస్తారు?" అని డీఎం అడిగితే మేం చెప్పాలి. చెప్పిన పని జరుగుతుందా లేదా అని అనుమానం ఉంటే 20 ముఖాల పాచిక వేస్తాం. పడిన అంకెకి ఆ పనిలో మా పాత్రకున్న నేర్పు కలుపుతాం. అది డీఎం అనుకున్న అంకెని అందుకుంటే పని అయినట్టే. ఇలా ఒకే కథ వారాల తరబడి నడిస్తే దాన్ని క్యాంపెయిన్ అంటారు.

మా డీఎం ఒక ఫైనలియర్ అక్క. మాకు ఈ ఆట నేర్పిందీ, సొంత డబ్బుతో పాచికలు కొన్నదీ తనే.

ఇప్పుడు కోట గుమ్మం దగ్గర ఏం జరిగిందో చెప్తాను. మేం కోటలోకి దొంగతనంగా దూరి బందీగా ఉన్న ఒక ముసలి వైద్యుణ్ని విడిపించాలి. నా రూమ్మేట్ పాత్ర పేరు నక్క నాంచారి, చేతివాటం ఉన్న దొంగ. నా రూమ్మేట్ తెలుగు మీడియంలో చదివి వచ్చింది. క్లాసులో సార్ ప్రశ్న అడిగితే సమాధానం తెలిసి కూడా తల దించుకుంటుంది, ఇంగ్లీషులో చెప్పాలి కాబట్టి. మొదటి నెలంతా ఆటలో కూడా "నేనూ అంతే, వాళ్లతోపాటే వెళ్తాను" అనేది. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి ముందుకు జరిగింది. నాంచారి తలమీద గడ్డిమోపు పెట్టుకుని కాపలావాడి దగ్గరికి వెళ్లి, "ఏం బావా, అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆ తైలం రాయమన్నాను, రాస్తున్నావా లేదా?" అని మొదలుపెట్టింది. వాళ్ల ఊరి సంతలో వాళ్ల నాయనమ్మ మాట్లాడే తీరట అది. పది నిమిషాలు మేం పొట్ట పట్టుకుని నవ్వాం. పాచిక వేసింది. 20 పడింది. అంతకంటే పెద్ద అంకె ఆ పాచిక మీద లేదు.

అక్క తన నోట్‌బుక్ చూసుకుంది. "సరే, కాపలావాడు నమ్మి లోపలికి రానిచ్చాడు. లోపల 40 మంది సైనికులు మీకోసమే కాచుకుని ఉన్నారు. అందర్నీ బంధించి రాజు ముందుకి తీసుకెళ్లారు" అంది.

రాజుగారి ప్రసంగం రెండు పేజీలు. అక్క బాగా చదివింది కూడా. ఆ ప్రసంగం మాకు వినిపించాలంటే మేం దొరికిపోవాలి. కాబట్టి దొరికిపోయాం. గోడ ఎక్కినా దొరికేవాళ్లం, కాలవలోంచి ఈదుకుంటూ వెళ్లినా దొరికేవాళ్లం. ఆ రాత్రి రూమ్‌కి వచ్చాక నా రూమ్మేట్ లైటు ఆర్పుతూ అడిగింది: "ముందే రాసేసుకున్నప్పుడు నన్ను అడగడం ఎందుకే?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు వారాలు తలనొప్పి అంది, ల్యాబ్ రికార్డు అంది. సెలవుల తర్వాత మానేసింది.

ఇలా జరిగింది ఆ ఒక్క రోజే అయితే నేనూ ఊరుకునేదాన్ని. మా కథలో తెల్ల జుట్టు మాంత్రికుడు ఒకడున్నాడు. అక్క సొంత పాత్ర. మేం గంటసేపు తలలు బద్దలు కొట్టుకున్న చిక్కుముడిని వాడు వచ్చి ఒక్క మంత్రంతో విప్పేస్తాడు. మేం చప్పట్లు కొట్టాలి. యుద్ధం వస్తే ఒక్కోసారి నా వంతు రావడానికి అరగంట పడుతుంది, ఈలోపు ఏ రాక్షసుడు ఎక్కడున్నాడో నేనే మర్చిపోతాను. ఇక నా పాత్ర వీరమ్మ చావు. రూల్ ప్రకారం, ప్రాణం సున్నాకి పడిపోయిన పాత్ర మామూలుగా అక్కడికక్కడే చచ్చిపోదు. తన వంతు వచ్చినప్పుడల్లా ఒక పాచిక వేయాలి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే గెలుపు, తక్కువ పడితే ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములు ముందొస్తే పోతుంది. తోటివాళ్లు మధ్యలో వచ్చి కాపాడనూ వచ్చు. అక్క నాకు ఆ పాచికలే ఇవ్వలేదు. "కథకి నీ చావు అవసరం" అంది. వీరమ్మ పోయినందుకు బాధపడలేదు. పాచిక నా చేతిలో ఉండగా పోయి ఉంటే దాని గురించి ఈపాటికి గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఈ ఆటలో ప్రపంచమంతా డీఎం చేతిలోనే ఉంటుంది. వర్షాలు, ధరలు, దేవుళ్లు, దోమలు అన్నీ. మా చేతిలో ఉండేది ఒక్కటే, మా పాత్ర ఏం చేస్తుందో చెప్పడం. అది కూడా లాగేసుకుంటే మేం ప్రేక్షకులం. ప్రేక్షకురాలిగా కూర్చోవాలంటే నాకు సినిమా ఉంది, అందులో ఏసీ కూడా ఉంటుంది. ఆడేవాళ్లు ఈ జబ్బుకి పెట్టిన పేరు రైల్‌రోడింగ్. అంటే పట్టాలు వేసి వాటి మీదే నడిపించడం.

"అయితే డీఎం ఏమీ రాసుకోకుండా రావాలా?" అని అక్క తర్వాత నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు జవాబు దొరికింది మన క్లబ్ పెట్టిన అష్టావధానంలో. అవధాని గారు ఊరికే వచ్చి కూర్చోలేదు కదా. ఛందస్సు, పురాణాలు, నిఘంటువులు ఏళ్ల తరబడి నూరుకుని వచ్చారు. కానీ ఆ రోజు చెప్పబోయే పద్యం మాత్రం ఇంటి దగ్గర రాసుకుని రాలేదు. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు "ఈ అక్షరం వాడకూడదు" అన్నప్పుడల్లా ఆయన పద్యం దారి మార్చుకుంది. సమస్య ఇచ్చినాయన అర్థం పర్థం లేని పాదం ఒకటి పడేస్తే, ముందు మూడు పాదాలు కట్టి దానికే అర్థం తెప్పించారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో కొంటె ప్రశ్న వేస్తే కసురుకోలేదు, నవ్వించారు. చివర్లో ధారణలో అందరి పద్యాలూ వరసగా అప్పజెప్పారు. బట్టీ పట్టిన పద్యాలే చదివి ఉంటే ఎంత మంచి పద్యాలైనా మనం లేచి వెళ్లిపోయేవాళ్లం.

డీఎం పని కూడా అదే అనుకుంటాను. కోట మ్యాపు గీసుకో, రాజు ఎలాంటివాడో, వాడికేం కావాలో, ఎవరంటే భయమో రాసుకో. మేం ఎలా వస్తామో మాత్రం రాసుకోకు. నాంచారి గడ్డిమోపుతో వస్తుందని ఎవరూ ఊహించలేరు. ఆ గడ్డిమోపు సమస్యాపాదం లాంటిది. దాన్ని పూరించి ఉంటే, ఆ కాపలావాడు మూడు వారాల తర్వాత నిజంగానే తల్లి మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతూ ఎదురుపడి ఉంటే, అక్కడికక్కడే నాంచారి ఆ ఊరి కోడలైపోయేది.

ఇంతవరకూ చదివి అక్క మీద కోపం తెచ్చుకోకండి. ఒక్కో శనివారానికి తను ఎంత కష్టపడుతుందో నేను చూశాను. ప్లేస్‌మెంట్ టెస్టుల మధ్య కూర్చుని మ్యాపులకి రంగులు వేసింది. రెండు పేజీల ప్రసంగం రాశాక ఎవరూ వినకుండా పక్కదారిన పోతే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. తను ఈ ఆట నేర్చుకున్నది క్రిటికల్ రోల్ వీడియోలు చూసి. 2015 నుంచి వస్తున్న ఆ కార్యక్రమంలో ఆడేవాళ్లలో చాలామంది గొంతు అరువిచ్చే వృత్తి నటులు. అక్కడ డీఎం మాట్లాడుతుంటే అందరూ కళ్లప్పగించి వింటారు. మేమేమో ఒక చేత్తో రీల్స్ తోస్తూ ఇంకో చేత్తో మిక్చర్ తింటాం. ఆడుతున్నది ఏడో నెల అయినా నా పాత్ర కాగితంలో ఏ అంకె ఎక్కడుందో వెతుక్కుంటాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, అది మాదే. కోట సంఘటన జరిగిన మర్నాడే మేం అక్క లేకుండా ఇంకో వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. అందులో మాంత్రికుడి మీద మీమ్స్ వేసుకున్నాం, రాజుగారి ప్రసంగాన్ని వెక్కిరించాం. శనివారం రాగానే "సూపర్ అక్కా" అనేవాళ్లం. సీనియర్‌కి ఎదురు చెప్పడం మనకి మొదటి ఏడాదే మాన్పించేస్తారు. క్యాంటీన్‌లో, ఫెస్ట్‌లో, ప్రాజెక్టులో ఉన్న ఆ భయమే ఆటలోకీ వచ్చింది. గొడ్డలి పట్టుకుని రాక్షసుల మీదకి ఉరికిన వీరమ్మ, "అక్కా, ఆ పాచిక నాకివ్వు" అని ఒక్క మాట అనలేకపోయింది. మేం మెచ్చుకుంటున్నామనే అక్క అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది?

ఫిబ్రవరిలో వెళ్లి చెప్పాను. ఒక్కదాన్నే వెళ్లాను, గ్రూప్ సంగతి కూడా దాచలేదు. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పిలిచి కూర్చోబెట్టింది. ఆట మొదలుపెట్టే ముందు అందరూ కలిసి మనకేం కావాలో మాట్లాడుకోవడాన్ని సెషన్ జీరో అంటారట. మేం ఏడో నెలలో చేశాం. మూడు మాటలు అనుకున్నాం. పాచిక వేయించాక అది చెప్పింది జరగాలి, ఏం పడినా ఫలితం మారనప్పుడు వేయించనే కూడదు. మాంత్రికుడు తీర్థయాత్రలకి పోవాలి. ఆట అయ్యాక పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి, ఈ రోజు ఏం నచ్చిందో ఏం నచ్చలేదో ఎదురుగా చెప్పుకోవాలి. ఆ ఇంకో గ్రూప్ తీసేశాం.

మన కాలేజీలో ఈ ఆట ఆడేది మేం ఒక్కళ్లమే కాదు, బాయ్స్ హాస్టల్లోనూ రెండు బృందాలున్నాయని విన్నాను. డీఎంగా ఉన్న అన్నలకీ అక్కలకీ నా మనవి ఒక్కటే. "ఏం చేస్తారు?" అని అడిగాక నోట్‌బుక్ మూసేయండి. జూనియర్లకి కూడా ఒకటి చెప్తాను. నచ్చకపోతే ఆ రాత్రే చెప్పండి. మేం చెప్పేసరికి ఆలస్యమైంది.

ఈ వ్యాసం ఎడిటర్‌కి పంపేముందు అక్కకి చూపించాను. ఒకే ఒక్క సవరణ చెప్పింది: రాజుగారి ప్రసంగం రెండు పేజీలు కాదట, మూడున్నర. మేం రెండు పేజీల దగ్గరే వినడం మానేశామన్నమాట. నా రూమ్మేట్‌కి కూడా చూపించాను. చదివి, "ఇంతకీ ఆ వైద్యుణ్ని విడిపించారా?" అని అడిగింది. లేదన్నాను. నాంచారి ఇంకా కోట చెరసాలలోనే ఉంది, తన పాత్ర కాగితం అక్క నోట్‌బుక్‌లో అలాగే భద్రంగా ఉంది అని చెప్పాను.

"చూద్దాంలే" అంది.