భూమి వర్సిటీదే, అద్దె మాటా వర్సిటీదే కావాలి

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. నూరేళ్ల తర్వాత కూడా హాస్టల్‌లో చోటు దొరకని ఉత్తరాంధ్ర పల్లె విద్యార్థి మద్దిలపాలెంలోనో ఎంవీపీ కాలనీలోనో అద్దె గది వెతుక్కోవలసిందే. హాస్టళ్లు సర్కారే కట్టాలన్న వాదన న్యాయమైనదే. కానీ నిధులొచ్చేసరికి ఆ విద్యార్థి చదువే అయిపోతుంది. అందుకే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యాన్ని కాదనలేం.

ప్రైవేటు వస్తే అద్దె పెరుగుతుందన్న భయం మాత్రం నిజం. గిట్టుబాటు కాని భాగస్వామ్య ప్రాజెక్టుల లోటు పూడ్చేందుకు ఉద్దేశించిన, 2020లో సవరించిన కేంద్ర వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పథకంలో దానికి కొంత జవాబుంది. విద్య, వైద్య రంగాల ప్రయోగాత్మక ప్రాజెక్టులకు పెట్టుబడి వ్యయంలో 40 శాతం దాకా కేంద్రం, మరో 40 శాతం దాకా రాష్ట్రం ఇవ్వవచ్చు; తొలి ఐదేళ్ల నిర్వహణ వ్యయంలోనూ చెరో 25 శాతం దాకా భరించవచ్చు. వర్సిటీ భూమిలో ఇంత ప్రజాధనంతో లేచే భవనంలో అద్దె నిర్ణయించే హక్కు కాంట్రాక్టరుకు ఎందుకు? అద్దె పరిమితి, పేద విద్యార్థుల వాటా రాయని ఒప్పందంపై వర్సిటీ సంతకం చేయకూడదు.