యురేనియం ఎవరిదో తేల్చేముందు

ఖనిజాల మీద అధికారం కేంద్రానిదా, రాష్ట్రాలదా? ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాష్ట్రాల హక్కులు కోరేదాన్ని కనుక నేనూ సంతోషించాను. కానీ దేవరకొండ నుంచి చూస్తే ఈ తగవులో ఒక పక్షం ఎప్పుడూ కనిపించదు.

అణు ఖనిజాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. నాగార్జునసాగర్ జలాశయం పక్కనున్న లంబాపూర్, పెద్దగట్టులలో యురేనియం తవ్వుతామని కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చింది. 2003లో గనులపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. శుద్ధి కర్మాగారాన్ని మొదట మల్లాపురంలో అనుకున్నారు. హైదరాబాదుకు తాగునీరిచ్చే అక్కంపల్లి జలాశయం దగ్గరని అభ్యంతరాలు రావడంతో దేవరకొండ దగ్గరి శేరిపల్లికి మార్చారు. 2005లో అక్కడా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నగరం నీళ్లకున్న విలువ, ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన జిల్లా నీళ్లకు లేకపోయింది. రెండుచోట్లా ప్రజలు గట్టిగా వ్యతిరేకించారు.

రాష్ట్రం మాత్రం మన పక్షాన నిలిచిందా? అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు 2016లో సిఫారసు చేసింది రాష్ట్ర వన్యప్రాణి మండలే. 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసన లేచాకే, ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది.

తండాలకు వెళ్లినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పట్టా ఎవరి పేరున ఉంది? భర్త పేరో, మామ పేరో చెబుతారు. చేనూ, నీళ్లూ, కట్టెలూ చూసేది ఆమె. నోటీసూ, పరిహారమూ వెళ్లేది అతనికి. 1996 నాటి పెసా చట్టం గనుల లీజుకు గ్రామసభ సిఫారసు తప్పనిసరి చేసింది చిన్నతరహా ఖనిజాలకే. అదీ షెడ్యూల్డు ప్రాంతాల్లోనే. దేవరకొండ లంబాడా తండాలు ఆ పరిధిలోకే రావు.

ప్రజాభిప్రాయ సేకరణను ఉత్త తంతు అని మనమే ఎన్నోసార్లు విమర్శించాం. అయినా పట్టా లేని స్త్రీ కూడా లేచి మాట్లాడగలిగే చోటు అది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అణు ఖనిజాల తవ్వకాన్ని దాన్నుంచి మినహాయించింది. ఉన్న ఒక్క తలుపూ మూసింది.

కనుక రాష్ట్రాన్ని మనం అడగవలసింది ఖనిజంలో వాటా గురించి కాదు. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ సిఫారసూ పంపబోమని మాట ఇమ్మనాలి. అటవీ హక్కుల చట్టం ఇద్దరి పేరునా పట్టా ఇవ్వమంటోంది. గ్రామసభ కోరంలో మూడోవంతు స్త్రీలు ఉండాలని దాని నియమాలు చెబుతున్నాయి. ఈ రెండూ ప్రతి తండాలో అమలయ్యేలా చూడటం మన సంఘాల పని. అధికారం ఢిల్లీది కావచ్చు, హైదరాబాదుది కావచ్చు. ఆ నీళ్లు మోసేది ఆమె. మొదట అడగవలసింది ఆమెనే.