పోలింగు ముగిసిన తర్వాత మన యువత

ఎన్నికల కాలంలో మన యువకులకు ఎక్కడలేని గిరాకీ. ప్రచార వాహనాలపై నిలబడేది వారే. పార్టీ పాటకు ర్యాప్ బాణీ కట్టేది వారే. దాన్ని సెల్‌ఫోన్ల ద్వారా మొహల్లా మొహల్లాకూ చేర్చేదీ వారే. ఫలితాలు వెలువడిన మరునాటి నుంచి వారిని పలకరించే నాథుడు ఉండడు. రాజకీయమంటే పదిహేను రోజుల సందడి మాత్రమేనని వారు ఒక నిర్ణయానికి వస్తే ఆ తప్పు వారిది కాదు. వారికి మనం చూపిన రాజకీయం అంతవరకే ఉంది.

ఇది మనకొక్కరికే ఎదురైన సమస్య కాదు. 1973 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో పుట్టిన హిప్‌హాప్, మూడు దశాబ్దాలకు అమెరికా నల్లజాతి యువత గొంతుకగా ఎదిగింది. అందులో ఇస్లాం ఛాయలు మొదటి నుంచీ ఉన్నాయి. మాల్కం ఎక్స్ ప్రసంగ శకలాలను ఎందరో గాయకులు తమ పాటల్లో పొదిగారు. నేడు యాసీన్ బేగా పిలిపించుకుంటున్న మోస్ డెఫ్ 1999లో తన ఆల్బమ్‌ను బిస్మిల్లాతో ఆరంభించారు. ఈ సంగీతాన్ని అభిమానించే యువతను ఓటర్లుగా మార్చాలన్న ప్రయత్నం 2004 అధ్యక్ష ఎన్నికల్లో పెద్దయెత్తున సాగింది. ఆ ప్రయత్నం రెండు దారుల్లో నడిచింది. మనం పోల్చి చూడవలసింది ఆ రెండు దారులనే.

మొదటిది తారల దారి. ర్యాపర్ షాన్ కోంబ్స్ ‘ఓటు వేయి లేదా చావు’ అన్న నినాదాన్ని చొక్కాలపై అచ్చువేయించి దేశమంతా ప్రచారం చేశారు. ఆ ఏడాది యువత కదిలిన మాట నిజం. 2000లో 18 నుంచి 24 ఏళ్ల పౌరుల్లో సుమారు 36 శాతం ఓటు వేయగా, 2004లో అది 47 శాతానికి చేరింది. ఇంత పెరుగుదలకు పాట ఒక్కటే కారణమని చెప్పలేము. ఇరాక్ యుద్ధమూ, హోరాహోరీ పోటీ కూడా కారణాలే. అయితే ఎన్నికలు ముగియగానే చొక్కాలు మూలపడ్డాయి, సంస్థ కనుమరుగైంది. 2006 మధ్యంతర ఎన్నికల్లో ఆ వయసువారిలో నలుగురిలో ఒక్కరైనా ఓటు వేయలేదు. మధ్యంతర ఎన్నికల్లో పోలింగు తగ్గడం అక్కడ మామూలే. కానీ ఒక నినాదం ఆ అలవాటును మార్చలేకపోయిందన్నది స్పష్టం. కోంబ్స్ కూడా తర్వాతి కాలంలో నేరం రుజువై జైలుకు వెళ్లారు. ఒక వ్యక్తి కీర్తిని నమ్ముకొన్న కదలికకు ఆయువు తక్కువ.

రెండవ దారికి అంత ఆర్భాటం లేదు. 2004 జూన్‌లో న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ నగరంలో జాతీయ హిప్‌హాప్ రాజకీయ సదస్సు జరిగింది. ప్రతినిధిగా రావాలంటే యాభై మందిని ఓటర్లుగా నమోదు చేయించాలన్నది అక్కడి నియమం. వచ్చినవారు విద్య, ఆరోగ్యం, న్యాయవ్యవస్థ, ఉపాధి వంటి అంశాలపై చర్చించి తమ కోర్కెల పత్రాన్ని తయారుచేసుకొన్నారు. నిర్వాహకుల్లో ఒకరైన రాస్ బరాకా కవి కుమారుడు, బడిపంతులు. లారిన్ హిల్ 1998 ఆల్బమ్‌లో పిల్లలతో ముచ్చటించే ఉపాధ్యాయుని గొంతు ఆయనదే. 1994లో నెవార్క్ మేయర్ పదవికి పోటీచేసి ఓడిన ఆయన ఊరు విడిచిపోలేదు. బడిలోనూ నగరపాలక సంస్థలోనూ పనిచేస్తూ 2014లో మేయర్‌గా ఎన్నికయ్యారు. ఓటమికీ గెలుపుకూ నడుమ ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఏళ్లలో జరిగిన పనే అసలు రాజకీయమని మా అభిప్రాయం.

ఈ పాఠం మన గడ్డకు కొత్తది కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు బిడ్డ షేక్ నాజర్ 1940లలో ప్రజానాట్యమండలి తరఫున బుర్రకథను ఊరూరా వినిపించి జనాన్ని కదిలించారు. ఆ కథ విని లేచిన రైతుకు మరునాడు వెళ్లేందుకు ఒక సంఘం ఉండేది. హైదరాబాద్‌లో కవి మఖ్దూం మొహియుద్దీన్ కార్మిక సంఘాలను కూడా నడిపారు. ఆనాడు పాటకూ సంఘానికీ నడుమ దూరం లేదు. నేడు పాట ఉంది, సంఘం లేదు.

పాతబస్తీ నుంచి 2018లో వచ్చిన ‘మియా భాయ్’ పాట దేశమంతా మారుమోగింది. 2019 చివర పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా సాగిన నిరసనల్లో మన పిల్లలు రాజ్యాంగ ప్రవేశికను కంఠస్థం చేశారు, ర్యాప్ పాడారు. మన ఆడపిల్లలు మైకు పట్టుకొన్నారు. వారిలో చైతన్యం లేదని ఎవరంటారు? అయినా 2024 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ సగటు పోలింగు 65 శాతం దాటగా, హైదరాబాద్ స్థానంలో అది 50 శాతాన్ని అందుకోలేదు. వీధికి వచ్చిన ఉత్సాహాన్ని బూత్ వరకూ, బూత్ దాటి వార్డు కార్యాలయం వరకూ నడిపించే ఏర్పాటు మనకు లేదు.

ఈ సంగీతం పట్ల తల్లిదండ్రులకు ఉన్న కలతను మేము తేలికగా తీసుకోము. అందులో బూతు ఉంది, మత్తును గొప్పచేసే ధోరణి ఉంది, స్త్రీని కించపరిచే మాట ఉంది. సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. అయితే అదే పాటలో పోలీసు లాఠీ గురించీ, అద్దెకు ఇల్లు దొరకకపోవడం గురించీ, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాకపోవడం గురించీ మన బిడ్డ అడుగుతున్న ప్రశ్న కూడా ఉంది. పాట నచ్చకపోవచ్చు, ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వవలసిందే. ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న బయట ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేము.

కనుక ఎన్నికలు లేని ఈ నెలల్లోనే వారికి పని అప్పగించాలి. ఓటరు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలవి. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. తమ బూత్ జాబితాను ఇంటింటికీ తీసుకెళ్లి, కొత్త పేర్లకు ఫారం 6, తప్పుల సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8 నింపించే బాధ్యతను ప్రతి మొహల్లాలో పదిమంది యువతీ యువకులకు ఇవ్వవచ్చు. ఎవరి పేరైనా తొలగించాలని ఫారం 7 పడితే దానిపై కన్నేసి ఉంచేదీ వారే కావాలి. పేరు గల్లంతయిందని పోలింగు నాడు మొరపెట్టుకొని ప్రయోజనం లేదు.

కేంద్రం 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లల ఉపకార వేతనాలనూ, మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ నిలిపివేసింది. ఆ నష్టం తగిలిన ఇళ్లు మన వీధిలో ఎన్ని? ఈ లెక్క తీయడం యువకులు చేయగల పని. ఉర్దూ బడిలో ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద అడిగితే సాధారణంగా ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబును ఎమ్మెల్యే ముందుంచి అడిగించే సభను మనం ఏర్పాటు చేయాలి. ఆ సభలో తమ మాటను వారు పాటగా చెప్పదలిస్తే చెప్పనివ్వాలి.

చివరగా పెద్దలకు ఒక మాట. మస్జిద్ కమిటీలోనో, బస్తీ సంక్షేమ సంఘంలోనో పాతికేళ్లలోపు వారికి ఓటుహక్కుతో కూడిన చోటు ఎన్నిచోట్ల ఉంది? కుర్చీలు మోయడానికే పిలిచే సంఘంలో ఏ కుర్రవాడూ ఎక్కువకాలం ఉండడు. వచ్చే నెల మీ కమిటీ సమావేశంలో ఈ ఒక్క అంశాన్ని చర్చకు పెట్టండి. ఏ నిర్ణయం తీసుకొన్నదీ మాకు రాయండి, ప్రచురిస్తాము.